మనవాడు కుర్చీ ఎక్కాక: ఈవో మొరాలెస్ కథ

(యువత శిక్షణ తరగతిలో మాట్లాడింది ఇది. ఒక తమ్ముడు ఫోన్‌లో రికార్డు చేశాడు, అది విని రాశాను. అక్కడక్కడా సరిచేశాను తప్ప మాట తీరు మార్చలేదు.)



డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు నా ఫోన్ వాల్‌పేపర్ ఒక ఫోటో. ఎరుపు, నీలం, తెలుపు చారల స్వెట్టర్ వేసుకున్న ఒక నల్లజుట్టు మనిషి, పక్కన సూటు వేసుకున్న స్పెయిన్ రాజు. రూమ్మేట్ అడిగాడు, ఎవడ్రా ఈయన, మీ చుట్టమా అని. అవును, మా చుట్టమే అన్నాను. ఆ స్వెట్టర్ మనిషి పేరు ఈవో మొరాలెస్. దక్షిణ అమెరికాలో బొలీవియా అనే దేశానికి దాదాపు 14 ఏళ్ళు అధ్యక్షుడు. అయ్మారా ఆదివాసీ. ఆ దేశాన్ని వందల ఏళ్ళు దోచుకున్న రాజ్యం స్పెయిన్. ఆ రాజు ముందుకి ఊళ్ళో వేసుకునే స్వెట్టర్‌తోనే వెళ్ళాడని ప్రపంచమంతా పత్రికలు రాశాయి. కొన్ని వెక్కిరించాయి. నాకైతే ఆ ఫోటో చూస్తే గుండె నిండిపోయేది.

తర్వాత ఒకరోజు ఆ వాల్‌పేపర్ తీసేశాను. ఎందుకు తీశానో చెప్పడానికే ఇవాళ మాట్లాడుతున్నా. తీసేశాక ఆయన్ని ద్వేషించానా అంటే, లేదు. అది కూడా చెప్తా.

ముందు పుట్టుక. 1959 అక్టోబర్ 26. ఓరూరో అనే ప్రాంతంలో ఒరినోకా దగ్గర ఇసల్యావి అనే పల్లె. మన అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తు ఉంటుంది కదా, అదే మనకి చలి. వాళ్ళ పల్లె దగ్గర దగ్గర 3,800 మీటర్లు. చెట్టు ఉండదు. గడ్డి, గాలి, చలి. మట్టి ఇటుకల ఇల్లు, గడ్డి కప్పు. అమ్మకి ఏడుగురు పిల్లలు పుడితే బతికింది ముగ్గురు. ఈవో, అక్క ఎస్తేర్, తమ్ముడు హ్యూగో. ఈ లెక్క విన్నప్పుడు మా నానమ్మ గుర్తొచ్చింది. ఆమె కూడా వేళ్ళ మీద అలాగే లెక్కపెట్టేది, బతికినోళ్ళని వేరే, పోయినోళ్ళని వేరే.

బంగాళదుంపలు పండించడం, లామాలు కాయడం. లామా అంటే ఒంటె జాతి, మూపురం ఉండదు, గొర్రె కంటే పెద్దది. ఆరేళ్ళ వయసులో నాన్నతో కలిసి అర్జెంటీనాకి చెరకు కొట్టడానికి వలస పోయాడు. అక్కడ ఐస్ క్రీములు అమ్మాడు. కొన్నాళ్ళు బడికి పంపితే పాఠం స్పానిష్‌లో, పిల్లాడికి వచ్చింది అయ్మారా. ఏం అర్థమవుతుంది? బడి మానేశాడు. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో ఎంతమందికి మొదటిరోజు బడి ఇలాగే ఉందో చేతులెత్తండి అంటే అందరూ ఎత్తుతారు. నేను హాస్టల్లో చేరినప్పుడు మా చెల్లితో కువిలో మాట్లాడితే, ఇక్కడ ఆ భాష వద్దు అన్నారు. పేరు ఎందుకులే, ఆ మాట అన్నాయన ఇప్పుడు రిటైర్ అయిపోయాడు.

ఈవో తన చిన్నతనం గురించి చెప్పుకున్న కథ ఒకటి ఉంది. లామాలని తోలుకుని నాన్నతో రోజుల తరబడి నడిచేవాడు. రోడ్డు మీద బస్సులు పోతుండేవి. లోపల కూర్చున్నవాళ్ళు కమలా తొక్కలు, అరటి తొక్కలు కిటికీలోంచి విసిరేసేవారు. ఈ పిల్లాడు అవి ఏరుకుని తినేవాడు. ఎప్పటికైనా ఆ బస్సులో ఎక్కాలన్నది అప్పట్లో పెద్ద కల. ఆ తర్వాత ఓరూరో పట్నంలో ఇటుకల పని, బేకరీ పని చేశాడు. బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదాడు. ఫుట్‌బాల్ పిచ్చి. కాలేజీ మెట్లెక్కలేదు.

1980 ప్రాంతంలో కరువొచ్చింది. పంట పోయింది, జంతువులు చచ్చిపోయాయి. కుటుంబమంతా కొండ దిగి, చపారే అనే వేడి అడవి ప్రాంతానికి వలసపోయింది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఈవో చపారే అడవికి స్థానికుడు కాదు. అక్కడికి బతకడానికి వచ్చిన వలసదారు. అతనిలాగే వేలమంది వచ్చారు. 1985లో ప్రభుత్వం తగరం గనులు మూసేసి 20 వేలమందికి పైగా కార్మికుల్ని ఇంటికి పంపింది. వాళ్ళలో కూడా చాలామంది ఇక్కడికే వచ్చి అడవి కొట్టి పొలం చేసుకున్నారు. నారింజ, బొప్పాయి, వరి వేశారు. కానీ రోడ్డు లేని చోట పండు కుళ్ళిపోతుంది. కోకా ఆకు కుళ్ళదు, ఎండబెట్టి మూటకట్టి భుజాన వేసుకుని సంతకి పోవచ్చు. అందుకే అందరూ కోకా వేశారు.

కోకా అంటే కొకైన్ కదా అని ఎవరో అన్నారు వెనకనుంచి. కాదు తమ్ముడూ. ఇప్పపువ్వు అంటే సారా అన్నట్టుంటుంది ఆ మాట. ఆండీస్ కొండల్లో వేల ఏళ్ళుగా ఆ ఆకు నములుతారు. చలికి, ఆకలికి, అలుపుకి. పెళ్ళికి, చావుకి, నేలతల్లికి మొక్కేటప్పుడు ఆ ఆకు ఉండాలి. దాన్నుంచి రసాయనాలతో కొకైన్ తీయడం బయటివాళ్ళు కనిపెట్టిన పని. అయితే నిజం మొత్తం చెప్పాలి. చపారేలో పండే ఆకులో పెద్ద భాగం నమలడానికి కాకుండా కొకైన్ వ్యాపారంలోకే పోతుందని ఐక్యరాజ్యసమితి వాళ్ళు చెప్తూనే ఉన్నారు. రైతు చేతికి వచ్చేది మాత్రం పొట్టకూడే.

అమెరికా ఒత్తిడితో బొలీవియా సైన్యం కోకా తోటలు పీకడానికి దిగింది. 1988లో దానికోసం ఒక చట్టం చేశారు. పోలీసులు, సైనికులు, కాల్పులు, అరెస్టులు. 1981లో ఒక కోకా రైతుని సైనికులు సజీవంగా తగలబెట్టారని, అది తన జీవితాన్ని మార్చేసిందని ఈవో చాలాసార్లు చెప్పాడు. అతను సంఘంలో చేరింది కూడా అప్పుడే. మొదటి పదవి ఏంటో తెలుసా? క్రీడా కార్యదర్శి. ఫుట్‌బాల్ ఆడించడం. నవ్వకండి, మనలో సగం సంఘాలు కబడ్డీ టోర్నమెంటుతోనే మొదలయ్యాయి. 1985కి ఊరి సంఘం కార్యదర్శి, 1988కి ఆ ప్రాంత సమాఖ్యకి నాయకుడు. 1989లో పోలీసులు కొట్టి చచ్చాడనుకుని కొండల్లో పడేసి పోయారు. తోటి రైతులు వెతికి తెచ్చుకున్నారు. 1994లో చపారే నుంచి లా పాజ్ నగరం దాకా పాదయాత్ర.

ఇక్కడిదాకా మనకి తెలిసిన కథే. ఇలాంటి నాయకులు మనకీ ఉన్నారు. తేడా ఎక్కడొచ్చిందంటే, 1995లో ఆ రైతు సంఘాలు, ఆదివాసీ సంఘాలు కూర్చుని ఒక నిర్ణయం చేశాయి. ప్రతిసారీ ఎవరో ఒక పార్టీకి ఓటేసి, తర్వాత ఆ పార్టీ గుమ్మం ముందు వినతిపత్రం పట్టుకుని నిలబడుతున్నాం. మన పార్టీ మనమే పెట్టుకుందాం అని. ఎన్నికల సంఘం రిజిస్ట్రేషన్ ఇవ్వలేదు. చివరికి, అప్పటికే రిజిస్టరై ఊరికే పడి ఉన్న ఒక చిన్న పార్టీ పేరు తీసుకున్నారు. సోషలిజం వైపు ఉద్యమం అని దాని అర్థం, మాస్ అంటారు. 1997లో ఈవో తన ప్రాంతం నుంచి 70 శాతం ఓట్లతో పార్లమెంటుకి వెళ్ళాడు. 2002 జనవరిలో అల్లర్లకి కారణమని పార్లమెంటు నుంచి గెంటేశారు. అదే ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో నిలబడ్డాడు.

ఆ ఎన్నికల్లో ఒక సరదా సంగతి. అమెరికా రాయబారి మాన్యువల్ రోచా బహిరంగంగా హెచ్చరించాడు, ఈవోని ఎన్నుకుంటే అమెరికా సాయం ఆగిపోతుందని. జనానికి ఒళ్ళు మండింది. ఈవోకి ఓట్లు పెరిగాయి, ఒకటిన్నర శాతం తేడాతో రెండో స్థానం. రాయబారి నాకు మంచి ప్రచారకర్త అని ఈవో జోక్ చేసేవాడు. అసలు సంగతి ఇరవై ఏళ్ళ తర్వాత బయటపడింది. ఆ రోచా దశాబ్దాలుగా క్యూబాకి గూఢచారి అట. 2023లో అరెస్టు చేశారు, 2024లో 15 ఏళ్ళ జైలు వేశారు. ఆ హెచ్చరిక తెలివితక్కువతనమా, తెలివా అని ఇప్పుడు అందరూ తల గోక్కుంటున్నారు.

2003లో గ్యాస్ యుద్ధం. బొలీవియా గ్యాస్‌ని చిలీ మీదుగా అమెరికాకి అమ్మే పథకానికి జనం అడ్డం తిరిగారు. లా పాజ్ పైన ఎల్ ఆల్టో అని ఒక పెద్ద ఊరు, పల్లెల నుంచి వలస వచ్చిన అయ్మారాలే ఎక్కువ. రోడ్లన్నీ దిగ్బంధం. సైన్యం కాల్పుల్లో దాదాపు అరవై మంది చనిపోయారు. అధ్యక్షుడు విమానం ఎక్కి అమెరికా పారిపోయాడు. ఈవో ఒక్కడే తెచ్చిన గెలుపు కాదు అది, ఆ రోజు చనిపోయినవాళ్ళలో చాలామంది అతని పార్టీ వాళ్ళు కూడా కాదు. కానీ వాళ్ళు తెరిచిన తలుపులోంచి అతను లోపలికి వెళ్ళాడు. 2005 డిసెంబర్ 18న దాదాపు 54 శాతం ఓట్లతో గెలిచాడు.

2006 జనవరి 21న, ప్రమాణానికి ముందురోజు, తివానాకు అనే పాత రాతి గుడుల దగ్గర అయ్మారా పెద్దలు అతనికి చేతికర్ర ఇచ్చి ఆశీర్వదించారు. మర్నాడు పార్లమెంటులో ప్రమాణం చేసి ఏడ్చాడు. 1781లో స్పెయిన్ మీద తిరగబడి లా పాజ్‌ని ముట్టడించిన తుపాక్ కటారీ పేరు తలచుకున్నాడు. ఆ వీరుడిని గుర్రాలకి కట్టి ముక్కలు చేశారు, అతని భార్య బార్తోలినా సీసాని తర్వాతి ఏడాది చంపారు. ఆమె చనిపోయిన సెప్టెంబర్ 5నే మనం ఆదివాసీ మహిళల దినం అని జరుపుకుంటున్నాం. మరి 1952 విప్లవం దాకా ఆ దేశంలో ఆదివాసీకి ఓటు లేనట్టే. లా పాజ్ నడిబొడ్డున ఉన్న చౌక్‌లోకి రానిచ్చేవారు కాదు. ఆ చౌక్‌లోనే అధ్యక్ష భవనం.

కుర్చీ ఎక్కాక ఏం చేశాడు? తన జీతం సగానికి పైగా తగ్గించుకున్నాడు. న్యాయశాఖ మంత్రిగా కసిమీరా రోడ్రిగెజ్ అనే కెచువా ఆడమనిషిని పెట్టాడు. ఆమె పదమూడేళ్ళ వయసు నుంచి ఇళ్ళల్లో పనిమనిషి, తర్వాత పనివాళ్ళ సంఘం నాయకురాలు. లాయరు కాని మనిషి న్యాయశాఖ ఎలా చూస్తుందని లాయర్లు గోల చేశారు. 2006 మే 1న గ్యాస్ బావుల దగ్గరికి సైన్యాన్ని పంపి, ఇకనుంచి ఈ గ్యాస్ ప్రజలదని ప్రకటించాడు. కంపెనీల్ని వెళ్ళగొట్టలేదు, కొత్త ఒప్పందాలు రాయించి రాజ్యం వాటా బాగా పెంచాడు. ఆ డబ్బుతో బడికెళ్ళే పిల్లలకి ఏడాదికి 200 బొలీవియానోలు, మన అమ్మ ఒడి లాంటిదనుకోండి. అరవై దాటిన ముసలివాళ్ళకి పింఛను. గర్భిణులకి, బాలింతలకి సాయం. 2005లో దేశంలో సుమారు 60 శాతం పేదలు, 2019 నాటికి అది 37 శాతం. ఈ లెక్కని ఆయన శత్రువులు కూడా కొట్టిపారేయలేరు. గ్యాస్ ధర బాగున్న కాలం కాబట్టి సాధ్యమైంది అంటారు. నిజమే. కానీ ధర బాగున్న కాలాలు అంతకుముందూ వచ్చాయి, పిల్లాడి చేతికి 200 రాలేదు.

అసలు పెద్ద పని రాజ్యాంగం. కొత్తది రాయడానికి సభ పెట్టారు, దానికి అధ్యక్షురాలు సిల్వియా లజార్తే, ఆమె కూడా కెచువా, కోకా రైతు. పట్నాల్లో దీనిమీద ఎంత కక్ష అంటే, 2008 మే 24న సూక్రే నగరంలో పల్లెల నుంచి వచ్చిన ఆదివాసీల చొక్కాలు విప్పించి, చౌక్‌లో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి క్షమాపణ చెప్పించారు. నూట యాభై ఏళ్ళ కిందట కాదు, 2008లో. అయినా 2009 జనవరి 25న 61 శాతం మంది అవునన్నారు. దేశం పేరే బహుళ జాతుల రాజ్యం అయింది. స్పానిష్‌తో పాటు 36 ఆదివాసీ భాషలు అధికార భాషలు. కొన్ని భాషలు మాట్లాడేవాళ్ళు వందల్లోనే ఉన్నారు, అయినా రాజ్యాంగంలో పేరుపేరునా రాశారు. మన దగ్గర ఎనిమిదో షెడ్యూల్‌లో 22 భాషలుంటే ఆదివాసీ భాషలు సంతాలీ, బోడో రెండే. గోండి లేదు, కోయ లేదు, కువి లేదు. చదరాలు చదరాలుగా ఏడు రంగులుండే విఫాలా జెండా దేశ జెండాతో సమానమైంది. ఐక్యరాజ్యసమితి 2007 సెప్టెంబర్ 13న ఆదివాసీ హక్కుల ప్రకటన ఆమోదిస్తే, రెండు నెలలు తిరక్కుండా దాన్ని తమ దేశ చట్టంగా చేసుకున్న మొదటి దేశం బొలీవియా. ఇండియా కూడా ఆ ప్రకటనకి అనుకూలంగానే ఓటేసింది. వేసి, మా దేశంలో అందరూ మూలవాసులే అంటుంది. అంతే సంగతి.

కోకా సంగతి కూడా తేల్చాడు. ఒక్కో కుటుంబానికి ఒక కాతో, అంటే 1,600 చదరపు మీటర్లు, మన లెక్కలో నలభై సెంట్లు. అంతవరకు వేసుకోవచ్చు, ఎక్కువ వేస్తే సంఘమే పీకేస్తుంది. 2009లో వియన్నాలో ఐక్యరాజ్యసమితి సమావేశంలో అందరి ముందూ కోకా ఆకు తీసి నమిలాడు. మత్తుమందుల ఒప్పందం నుంచి దేశాన్ని బయటికి తెచ్చి, ఆకు నమలడం మా హక్కు అని షరతు రాయించి 2013లో మళ్ళీ చేర్చాడు. ఈ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో.

ఇప్పుడు వాల్‌పేపర్ ఎందుకు తీశానో చెప్తా. 2011.

టిప్నిస్ అని ఒక అడవి. పూర్తి పేరు ఇసిబోరో సెకురే జాతీయ పార్కు, ఆదివాసీ భూభాగం. సుమారు 12 వేల చదరపు కిలోమీటర్లు. అందులో చిమానే, యురకారే, మోహెన్యో అనే మూడు చిన్న జాతులు. వేట, చేపలు, కొంచెం పోడు. 1990లో ఇలాంటి దిగువ అడవి జాతులన్నీ త్రినిదాద్ ఊరి నుంచి లా పాజ్ దాకా నడిచి, భూభాగం మాది అని ఒప్పించుకున్నాయి. ఈవో పార్లమెంటుకి పోకముందే, పార్టీ పుట్టకముందే సాధించుకున్న హక్కు అది. ఈ అడవి మధ్యనుంచి 306 కిలోమీటర్ల రోడ్డు వేస్తామన్నాడు ఈవో. బ్రెజిల్ బ్యాంకు అప్పు, బ్రెజిల్ కంపెనీ కాంట్రాక్టు. అక్కడి జనాన్ని ముందుగా అడగలేదు. ఆదివాసీలని అడగకుండా వాళ్ళ నేలమీద ఏమీ చేయకూడదని తన రాజ్యాంగంలో రాయించిన మనిషే అడగలేదు.

రోడ్డు ఎవరికి కావాలి? బ్రెజిల్ సరుకుకి కావాలి. అడవి కింద చమురు వెతికేవాళ్ళకి కావాలి. ఇంకొకరికి కూడా కావాలి. ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా, చపారే వలసదారులు. టిప్నిస్ దక్షిణ కొసలో అప్పటికే వాళ్ళు అడవి కొట్టి కోకా వేసుకున్నారు. రోడ్డు పడితే ఇంకా లోపలికి పోవచ్చు. ఈవోకి ప్రాణం పెట్టే సొంత మనుషులు వాళ్ళు. అధ్యక్షుడయ్యాక కూడా ఆ కోకా రైతు సమాఖ్యకి అధ్యక్షుడు ఆయనే.

ఇక్కడ ఆగి ఒక మాట. రోడ్డు వద్దు అనడం మనకి అంత తేలిక కాదు. డోలీ మోసిన భుజాలు మనవి. పురిటినొప్పులతో ఉన్న ఆడమనిషిని దుప్పట్లో కట్టి గెడ్డలు దాటించినవాడికి, రోడ్డంటే చేదు కాదు. టిప్నిస్‌లోనూ అంతే, దక్షిణాన కొన్ని ఊళ్ళు రోడ్డు కావాలని వేరే యాత్ర చేశాయి. వాళ్ళూ ఆదివాసీలే, వాళ్ళని అమ్ముడుపోయారని తిట్టడం నాకు ఇష్టం లేదు. కానీ ఊరి నుంచి ఆసుపత్రికి పోయే రోడ్డు వేరు, ఊళ్ళని తాకకుండా అడవిని రెండు ముక్కలు చేసుకుంటూ పోయే లారీల రోడ్డు వేరు. గీత ఎటు గీయాలో ఎవరు చెప్పాలి అన్నదే గొడవంతా.

2011 ఆగస్టు 15న త్రినిదాద్ నుంచి మళ్ళీ నడక మొదలైంది. చంటిపిల్లలతో, ముసలివాళ్ళతో. లా పాజ్ దాదాపు 600 కిలోమీటర్లు, అదీ ఎక్కుడు. ఈవో ఏమన్నాడు? వీళ్ళ వెనక అమెరికా ఉంది, ఎన్జీఓలు ఉన్నాయి అన్నాడు. మనకి ఎంత అలవాటైన మాట! బాక్సైట్ వద్దు అన్నప్పుడు మన పెద్దలకి కూడా మీ వెనక ఎవరో ఉన్నారు అన్నారు. అడవిలో ఉన్నోడికి సొంత బుర్ర ఉండదని అందరి నమ్మకం, చివరికి ఆదివాసీ అధ్యక్షుడి నమ్మకం కూడా. నడక మొదలవక ముందే ఇంకో మాట అన్నాడు, చెల్లెళ్ళు వినండి. చపారే కుర్రాళ్ళూ, వెళ్ళి ఆ యురకారే అమ్మాయిల్ని వలపులోకి దింపండి, రోడ్డుకి అడ్డు చెప్పరు అనే అర్థంలో ఒక సభలో అన్నాడు. నవ్వుతూ అన్నాడట. మన అమ్మాయిల గురించి మైదానం వాళ్ళు ఇలా మాట్లాడితే మనం ఏం చేస్తాం?

సెప్టెంబర్‌లో పోలీసులు దారికి అడ్డం నిలబడ్డారు. 24న మాట్లాడటానికి వచ్చిన విదేశాంగ మంత్రి చోకెవాంకాని, ఆయన కూడా అయ్మారాయే, ఆడవాళ్ళు చుట్టూ చేరి, మాతోపాటు నడువు అని ముందు పెట్టుకుని పోలీసు వలయం దాటారు. మర్నాడు, 25 సాయంత్రం, చపరీనా అనే చోట వంట చేసుకుంటున్న శిబిరం మీద పోలీసులు పడ్డారు. బాష్పవాయువు, లాఠీలు. ఆడవాళ్ళ నోటికి ప్లాస్టర్ వేసి, చేతులు కట్టి బస్సుల్లో పడేశారు. పిల్లలు అడవిలోకి పరుగెత్తి తప్పిపోయారు. అరెస్టు చేసినవాళ్ళని విమానంలో తరలించాలని రురెనబాకే తీసుకుపోతే, ఆ ఊరి జనం విమానాశ్రయం రన్‌వే మీదికి వచ్చి విడిపించారు. ఆ ఊరివాళ్ళకి జోహార్లు చెప్పాలి. రక్షణ మంత్రి సిసిలియా చకోన్, ఇది నేను ఒప్పుకోను అని రాజీనామా చేసింది. హోంమంత్రి కూడా దిగిపోయాడు. ఆదేశం ఎవరిచ్చారన్నది ఎవరూ ఒప్పుకోలేదు. ఈవో క్షమాపణ చెప్పాడు, ఆదేశం నాది కాదన్నాడు.

వాళ్ళు మళ్ళీ లేచి నడిచారు. అక్టోబర్ 19న లా పాజ్‌లో అడుగుపెడితే, నగరమంతా రోడ్డు మీదికి వచ్చి ఆహ్వానించింది. అయిదు రోజులకి చట్టం వచ్చింది, టిప్నిస్‌ని తాకరాదు, రోడ్డు వేయరాదు అని. గెలిచారు. కథ ఇక్కడ ఆగితే బాగుండేది. 2012లో అభిప్రాయ సేకరణ అని ఇంకో చట్టం, ఊరూరా తిరిగి కానుకలు పంచుతూ సంతకాలు. 2017 ఆగస్టులో, తాకరాదు అన్న చట్టాన్ని తీసేశారు. మొదటిసారి పోలీసులు, రెండోసారి ఫైళ్ళు. రెండోది ఎక్కువ పనిచేసింది.

ఈ చపరీనా వీడియో చూసిన రోజు రాత్రి వాల్‌పేపర్ తీసేశాను.

ఎందుకు అంత బాధ అంటే, లెక్క చూడండి. 2001 జనాభా లెక్కల్లో బొలీవియాలో 62 శాతం మంది మేం ఆదివాసీలం అని చెప్పుకున్నారు. అందులో కెచువా, అయ్మారా కలిపి అత్యధికం. అందుకే వాళ్ళు ఓట్లతో దేశాన్నే గెలవగలిగారు. మన దేశంలో మనం 2011 లెక్కల్లో 8.6 శాతం. ఆంధ్రాలో ఇంకా తక్కువ. నేను ఇన్నాళ్ళూ ఈవో ఫోటోలో నన్ను చూసుకున్నాను. కానీ ఆ దేశంలో మనలాంటివాళ్ళు ఎవరు? పార్లమెంటు దిగువ సభ 130 సీట్లలో 7 రిజర్వుడు సీట్లున్న ఆ చిన్న చిన్న అడవి జాతులు. మనం టిప్నిస్ వాళ్ళం అన్నలారా, ఈవో వాళ్ళం కాదు. మన దేశంలోనూ 2022 నుంచి రాష్ట్రపతి భవన్‌లో సంతాలీ ఆడపడుచు ఉన్నారు. ఆ రోజు మన ఊళ్ళల్లో థింసా ఆడాం, నేనూ ఆడాను, సిగ్గుపడను. పీసా చట్టం ప్రకారం గ్రామసభ పెట్టమని ఎమ్మార్వో చుట్టూ తిరగడం మాత్రం మర్నాటి నుంచి మళ్ళీ మామూలే.

మిగతా కథ త్వరగా చెప్తా, ఆకలేస్తోంది మీకు. రాజ్యాంగం రెండుసార్లే పోటీ చేయమంది. ఆయన మూడోసారి కూడా గెలిచాడు, మొదటిది పాత రాజ్యాంగం కిందది, లెక్కలోకి రాదన్నారు. నాలుగోసారి కోసం 2016 ఫిబ్రవరి 21న ప్రజల్ని అడిగాడు. 51 శాతం వద్దన్నారు. సరే అని ఇంటికి పోవాలి. పోలేదు. మరుసటి ఏడాది కోర్టు, పోటీ చేయడం మానవ హక్కు అని తీర్పిచ్చింది. మీ గ్రామసభ తీర్మానాన్ని కోర్టు కాగితంతో పక్కన పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది అది. ఇదే కాలంలో ఒరినోకాలో, ఆ గాలి కొట్టే పల్లెలో, ఆయన జీవితం చూపించే మ్యూజియం కట్టారు. దాదాపు 70 లక్షల డాలర్లు. దానికి కొంచెం ముందే, ఆ పల్లెకి దగ్గర్లోని పోపో సరస్సు ఎండిపోయింది. చేపలు పట్టుకు బతికే ఊరు జాతి పడవలు నేలమీద పడి ఉన్నాయి.

2019 అక్టోబర్ 20 ఎన్నికల్లో లెక్కింపు ఫలితాల ప్రకటన మధ్యలో ఒకరోజు ఆగింది. మళ్ళీ మొదలయ్యేసరికి, రెండో రౌండు అవసరం లేనంత ఆధిక్యం, పది శాతానికి కాస్త పైన. దొంగ లెక్క అని వీధులు మండాయి. అమెరికా దేశాల సంస్థ అవకతవకలున్నాయంది, ఆ సంస్థ గణాంకాలే తప్పని తర్వాత వేరే పరిశోధకులు చూపించారు. ఈ వాదన ఇంకా తెగలేదు. పోలీసులు తిరగబడ్డారు, సైన్యాధిపతి రాజీనామా చేయమని సలహా ఇచ్చాడు. సైన్యం సలహా ఇస్తే అది సలహా కాదు. నవంబర్ 10న దిగిపోయాడు, మెక్సికో వెళ్ళిపోయాడు. అక్క ఇల్లు తగలబెట్టారు. జీనీన్ అన్యెస్ అనే సెనేటర్ పెద్ద బైబిల్ ఎత్తిపట్టుకుని అధ్యక్ష భవనంలోకి వచ్చింది. పోలీసులు తమ యూనిఫారం మీద విఫాలా జెండా గుర్తుని కత్తెరతో కత్తిరించుకుంటున్న వీడియోలు వచ్చాయి. సకాబా, సెంకతా అనే చోట్ల సైన్యం, పోలీసుల కాల్పుల్లో దాదాపు ఇరవై మంది చనిపోయారు, ఎక్కువమంది ఆదివాసీలే.

ఆ కత్తెర వీడియో చూసినప్పుడు మళ్ళీ ఏడుపొచ్చింది. టిప్నిస్ కోసం ఆయన మీద కోపం ఉంది. కానీ కత్తిరించింది ఆయన్ని కాదు. ఎల్ ఆల్టోలో ఆయన్ని తిట్టిన అయ్మారా కుర్రాళ్ళు కూడా ఆ రోజు విఫాలా పట్టుకుని వీధిలోకి వచ్చారు.

ఏడాదికి ఎన్నికలు జరిగితే ఆయన పార్టీ 55 శాతంతో తిరిగొచ్చింది, ఈవో లేకుండానే, లూయిస్ ఆర్సే అభ్యర్థిగా. ఈవో తిరిగొచ్చాడు. వచ్చి, మళ్ళీ నేనే అన్నాడు. ఆర్సేకి, ఈవోకి పడలేదు, పార్టీ నిలువునా చీలింది. మైనర్ బాలికకి సంబంధించిన లైంగిక ఆరోపణల కేసులో అరెస్టు వారెంటు వచ్చింది. అది రాజకీయ కక్ష అని ఆయన అంటాడు. కోర్టు తేల్చాలి. ఆయన మీద అభిమానంతో ఆ అమ్మాయి మాట వినకుండా కొట్టిపారేయడం మాత్రం మనం చేయకూడదు. చపారేలో కోకా రైతులు కర్రలు పట్టుకుని ఆయన చుట్టూ కాపలా కాశారు. 2025 ఆగస్టు ఎన్నికల్లో పోటీకి అనుమతి లేదు, చెల్లని ఓటు వేయండి అని పిలుపిచ్చాడు, దాదాపు అయిదో వంతు ఓట్లు చెల్లకుండా పడ్డాయి. ఒకప్పుడు 64 శాతం తెచ్చుకున్న మాస్ పార్టీకి మూడు శాతం వచ్చింది. రోడ్రిగో పాజ్ అనే మధ్యేవాది అధ్యక్షుడయ్యాడు.

ఒక చెల్లి చీటీ పంపింది. అయితే ఏం మిగిలింది అక్కడ, అని.

దక్షిణాన చరాగువా అని ఒక ప్రాంతం ఉంది, గ్వారానీ జనం. కొత్త రాజ్యాంగంలోని ఆదివాసీ స్వపరిపాలన నిబంధన కింద 2015లో ఓటింగ్ పెట్టుకుని, 2017 జనవరి నుంచి మేయర్ లేకుండా తమ సభలతో తామే పాలించుకుంటున్నారు. ఒక్కరి చేతిలో నిర్ణయం ఉండకూడదని పెట్టుకున్న సభలు అవి, సభ ఒప్పుకుంటేనే పని. గ్యాస్ పైపులైన్లు వాళ్ళ నేల కింద కూడా ఉన్నాయి, గొడవలు కూడా ఉన్నాయి. ఆ 36 భాషలూ రాజ్యాంగంలోనే ఉన్నాయి, ఎవరూ తీయలేదు. టిప్నిస్ అడవి మధ్యలో ఆ రోడ్డు ఇంకా పడలేదు. ఇటు కొస, అటు కొస వేశారు, మధ్య ముక్క అలాగే ఉంది.

సరే, అన్నం వచ్చేసినట్టుంది. మిగతా చీటీలు తిన్నాక చూద్దాం. ముందు పిల్లలకి, పెద్దవాళ్ళకి వడ్డించండి.